చెరువు ఒడ్డుకు ప్రయాణ సన్నాహం

నిరుడు శ్రావణమాసంలో జర్మనీ నుంచి మా అక్క కూతురు కొన్ని ఫోటోలు పంపింది. ఒక పెద్ద సరస్సు, ఒడ్డున పచ్చగడ్డి, గడ్డిమీద ఒక గుడారం, గుడారం ముందు మూడు సైకిళ్లు, మోకాళ్లలోతు నీళ్లలో నిలబడి నవ్వుతున్న దాని ఆరేళ్ల కొడుకు. అంతే. ఆ నాలుగు ఫోటోలు ఉమ్రిలో మా యింటిని యేడాది పాటు వూపుతవని ఆ పిల్ల అనుకుని వుండదు.

ఆ సరస్సు పేరు బోడెన్‌సే అట. జర్మనీ, స్విట్జర్లాండు, ఆస్ట్రియా మూడు దేశాలూ దాని ఒడ్డును పంచుకున్నవి. రైన్ నది ఒక కొసన లోపలికి వచ్చి మరొక కొసన బయటికి పోతుంది. చుట్టూ సుమారు 270 కిలోమీటర్ల సైకిలు బాట వున్నది. సెలవులు రాగానే అక్కడివాళ్లు పిల్లాజెల్లాతో వచ్చి, గుడారాలు వేసుకుని, తమ వంట తామే వండుకుని, పగలంతా యీదుతూ, పడవ నడుపుతూ, సైకిలు తొక్కుతూ వారం పదిరోజులు గడుపుతారట. హోటలులో పడుకుని తిని నాలుగు శేర్లు బరువు పెరిగి తిరిగి వచ్చే సెలవు కాదన్నమాట.

మా పెద్దపిల్లకు పదమూడు, పిల్లవానికి తొమ్మిది. యిద్దరూ ఫోను పట్టుకుని మా యెదుట నిలబడినారు. "మనం గూడ పోదం నాన్నా."

మేము మెట్రిక్కు దాకా చదువుకుని యిరవై యేళ్లకు పైగా ఒక ఆఫీసులో గుమాస్తాగిరీ చేస్తున్నాము. యే కోరికనైనా ముందు కాగితం మీద నిలువుగీత గీసి లెక్క కట్టడం మా వృత్తిధర్మం. అట్లాగే కట్టినాము. షెంగెన్ వీసాకు 2024 జూన్ నుంచి పెద్దవాళ్లకు తలకు 90 యూరోలు, ఆరేళ్లు నిండి పన్నెండు నిండని పిల్లలకు 45. మా పిల్ల ఒక్క యేడాది తేడాతో పెద్దవాళ్ల వరుసలోకి వెళ్లిపోయింది. ఆపైన తలకు కనీసం 30,000 యూరోల వైద్యబీమా, బ్యాంకు ఖాతా కాగితాలు, అయిదుగురికి విమానం టిక్కెట్లు. మొత్తం కూడి, దాన్ని మా జీతంతో భాగించి, వచ్చిన నెలల సంఖ్యను ఒకసారి చూసి రబ్బరుతో చెరిపివేసినాము. పెన్సిలుతో రాయడంలో వున్న సుఖం అదే.

"అయితే మన దగ్గర చెరువులు లేవా?" అన్నది పెద్దపిల్ల.

లేకేమి! అసలు గుడారం వేసుకుని నీళ్ల పక్కన వుండడం మనవాళ్లకు కొత్తదా? రెండేళ్లకొకసారి మేడారం జాతరకు వెళ్లేవాళ్లు జంపన్నవాగు పరిసరాలలో డేరాలు వేసుకుని, అక్కడే వండుకు తిని, నాలుగు రోజులు వుండి వస్తారు. మన మరాఠీ యిరుగుపొరుగులు ఆషాఢంలో పండరికి నడుస్తూ దారిపొడుగునా తంబూలలో పడుకుంటారు. కార్తీకంలో వుసిరిచెట్టు కింద మనం తినే భోజనం దీనికి చెల్లెలు వంటిది. కాకపోతే మొక్కు లేకుండా, దేవుని పేరు చెప్పకుండా, వూరికే సంతోషానికి వెళ్లడమనేది మా యింటావంటా లేదు. అందుకే యెట్లాగో మాకు తెలియలేదు.

చలికాలమంతా చెరువుల విచారణ సాగింది. దగ్గరిది శ్రీరాంసాగర్. 1963 జూలైలో నెహ్రూగారు పోచంపాడులో దానికి పునాదిరాయి వేసినారు. నిండినప్పుడు దాని నీళ్లు బాసర దాకా వస్తవి. కాని అది పొలాలకోసం కట్టిన సముద్రం, పిల్లలతో దిగి ఆడుకునే చోటు కాదు. నిజాంసాగర్ మంజీర మీద 1923లో మొదలై 1931లో పూర్తయింది, చూడదగినదే. అయితే మంజీర మొసళ్లకు పేరుపడ్డ నది. మొసలి అనగానే పిల్లవాడు అక్కడికే పోదామని పట్టుబట్టినాడు గనుక ఆ పేరు వెంటనే కొట్టివేసినాము. బుల్ఢాణా జిల్లా లోణార్ వుల్క పడి యేర్పడిన గుంట. 2020 జూన్‌లో దాని నీళ్లు గులాబీరంగుకు తిరిగి పత్రికలకెక్కింది. ఆ నీళ్లు వుప్పు, క్షారం. మన జిల్లాలోనే కంధారులో కోట పక్కన రాష్ట్రకూటుల నాటి చెరువున్నది. పొద్దున వెళ్లి సాయంత్రం రావచ్చు, సెలవు అనిపించుకోదు.

చివరకు లక్నవరం మీద అందరి వేలూ ఆగింది. ములుగు జిల్లా గోవిందరావుపేట మండలంలో, గుట్టల మధ్య కాకతీయుల కాలంలో కట్టిన చెరువు. లోపల ద్వీపాలు, వాటికి వేలాడే వంతెన, పడవలు, వుండడానికి కుటీరాలు, గుడారాలు. మేము కాజీపేట దాకా రైలులో పోయి, హనుమకొండ నుంచి ములుగు మీదుగా వెళ్లాలె. దారిలో పక్కకు తిరిగితే పాలంపేటలో 1213 నాటి రామప్పగుడి. యింకొక లాభం కూడా చూసుకున్నాము. 1956 నవంబరు 1న హైదరాబాదు రాష్ట్రం మూడు ముక్కలైనప్పుడు మన నాందేడు జిల్లా బొంబాయి రాష్ట్రంలో కలిసింది, 1960 మే 1న మహారాష్ట్రలోకి వచ్చింది. మన తాతలు వున్నచోటనే వున్నారు, గీత వాళ్ల తలమీదుగా జరిగింది. మా పిల్లలు మరాఠీ బడిలో చదువుతారు, తెలుగు అక్షరాలు కూడబలుక్కుంటారు. గీతకు అవతల వాళ్లు చూసిన తెలుగు నేల బాసర ఒక్కటే. వారంరోజులు తెలుగు బోర్డులు చదువుతూ తిరిగితే నష్టం లేదు గదా.

కాగితం తయారైంది. అమ్మకు చదివి వినిపించినాము. చెరువు అన్న మాట దగ్గర ఆమె బియ్యం యేరే చాట పక్కన పెట్టింది.

"చెరువు పేరు యెత్తకు బిడ్డా. నా పానం వున్నంతదాకా యీ యింటి పిల్లలు నీళ్లల్ల దిగద్దు."

"దిగం నానమ్మా, పడవ యెక్కుతం" అన్నది పిల్ల.

"పడవ మునుగదా?"

దానికి జవాబు మా దగ్గర లేదు.

యిక్కడ యింటి సంగతి ఒకటి చెప్పక తప్పదు. మాకొక అన్న వుండేవాడు. మాకు ఆరేళ్లు, అతనికి పదకొండు. వానలు వెలిసిన భాద్రపదంలో, వూరి బయట యిటుకలకోసం మన్ను తవ్విన గుంటలో నీళ్లు నిండినవి. బడి నుంచి వస్తూ నలుగురు పిల్లలు దిగినారు. మేము చిన్నవాళ్లమని ఒడ్డున నిలబెట్టి అన్న తన బట్టలు చేతికిచ్చినాడు. ఒక అంగీ, ఒక నిక్కరు, ఒక తువాలు. ముగ్గురే పైకి వచ్చినారు.

ఆ తర్వాత మా యింట్లో నీళ్లంటే బొక్కెనలో నీళ్లే. అమ్మ యేటా బాసర వెళ్తుంది గాని మూడో మెట్టు దాటి దిగదు. వెంట తీసుకుపోయిన యిత్తడి చెంబుతో గోదావరి ముంచి నెత్తిన పోసుకుంటుంది, మా అందరికీ పోస్తుంది. అదే మా పుణ్యస్నానం. వూళ్లో పిల్లలు యెండాకాలం బావులలో దూకుతుంటే మేము ఆ దారినే నడవలేదు. నలభై అయిదేళ్లు వచ్చినవి, యీత రాదు.

ప్రయాణం మాట అక్కడ ఆగిపోయింది. అమ్మ మాటను కాదనే ధైర్యం మాకు లేదు. నిజానికి ఆమె వద్దన్నందుకు మాకు లోపల కొంత నెమ్మది కూడా కలిగిందని ఒప్పుకోవాలె.

దాన్ని మళ్లీ కదిలించింది అక్క కూతురే. సంక్రాంతినాడు ఫోనులో మాట్లాడుతూ, కొడుకుకు యీత బిళ్ల వచ్చిందని చెప్పింది. అక్కడ పిల్లలు మొదట సంపాదించే బిళ్లకు సముద్రపు గుర్రం పేరు. ఒడ్డు నుంచి నీళ్లలోకి దూకాలె, 25 మీటర్లు యీదాలె, భుజాలలోతు నీళ్లలో అడుగున వున్న వస్తువును చేతితో పైకి తేవాలె. అంతటితో యీతగాడైనట్టు కాదట. దానిపైన కంచుబిళ్లకు పదిహేను నిమిషాలు ఆగకుండా, కనీసం 200 మీటర్లు యీదాలె. "పడవ యెక్కినా యెక్కకపోయినా నీళ్ల దగ్గరికి పోయే పిల్లలకు యిది రావాలె మామా. యింకొకటి గూడ నేర్పుతరు. యెవరన్న మునుగుతుంటే యెనక దూకద్దు. కేక వేయాలె. తేలేది యేదన్న వుంటే విసరాలె. లేకుంటె ఒడ్డున బోర్ల పండుకొని తువాలు అందియ్యాలె."

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. తువాలు మా చేతిలోనే వుండింది. అది యెంత పొడుగు, అన్న యెంత దూరంలో మునిగినాడు, ఆరేళ్ల చేతులు ఆగేవా అని యెన్నిసార్లు కొలిచినా కొలత తెగలేదు. ఆ మాట యెవరైనా మాకు ఆనాడు చెప్పివుంటే అనే ఆలోచన నలభై యేళ్లలో మొదటిసారి వచ్చింది.

పక్కన మా యింటావిడ కూడా మేలుకునే వున్నది. చాలాసేపటికి, "నాకు యీత వచ్చు" అన్నది.

మేము లేచి కూర్చున్నాము. పుట్టినిల్లు ధర్మాబాదు అవతల గోదావరి పక్కన పల్లె. తండ్రి నేర్పినాడట, పెండ్లి అయ్యేదాకా యీదేదట. యిక్కడికి వచ్చిన మొదటినెలలోనే మా బావమరదళ్ల మాటలలో అన్న సంగతి విని, ఆ ముచ్చట లోపలే పెట్టుకున్నది. పదహారేళ్లు! యింత చిన్న యింట్లో, యింత పెద్ద సంగతి!

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం 2021లో ప్రపంచంలో సుమారు మూడు లక్షల మంది నీట మునిగి పోయినారు. అయిదు నుంచి పద్నాలుగేళ్ల పిల్లల మరణకారణాలలో యిది మూడవది. బడియీడు పిల్లలకు యీత, రక్షించే పద్ధతి నేర్పండని ఆ సంస్థే చెబుతున్నది. ఐక్యరాజ్యసమితి ప్రతి యేటా జూలై 25ను నీట మునుగుడు నివారణ దినంగా 2021లో నిర్ణయించింది. మొదటిసారి ఆ దినం జరిగిన 2021 జూలై 25నే యునెస్కో మన రామప్పగుడిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. గుడి సంగతి అన్ని పత్రికలలో చదివినాము, రెండవది యెక్కడా కంటబడలేదు. యివన్నీ ఒక కాగితం మీద యెత్తి రాసి మర్నాడు అమ్మకు చదివినాము. ఆమె అంకెలు విన్నది, యేమీ అనలేదు. కోడలికి యీత వచ్చునన్న దగ్గర మాత్రం తలయెత్తింది.

"యిన్నేండ్లు చెప్పలేదేందే?"

"మీరు అడగలే అత్తమ్మా."

యీ యేడు మే నెల సెలవులలో వూరి బయట ఒక రైతుమిత్రుని బావి ఖరారు చేసుకున్నాము. మెట్లబావి. యెండాకాలం నీళ్లు తగ్గి వుంటవి, నీళ్లకింద రెండు మెట్లు కనిపిస్తుంటవి, నేర్చుకోవడానికి అదే అదను. మోటారు కరెంటు మీటను రైతు తీసివేసి తాళంచెవి మా చేతికిచ్చేవాడు. తెల్లవారి ఆరుగంటలకు బయలుదేరి రెండు కిలోమీటర్లు నడిచిపోవడం, యీత, మళ్లీ నడిచిరావడం. ప్రయాణంలో నడకలకు యిదే తాలీము అనుకున్నాము. పూర్వం నడుముకు యెండిన సొరబుర్రలు కట్టేవారు. యిప్పుడు ఖాళీ నూనెడబ్బాలు. మిత్రుని తండ్రి, డెబ్బై యేళ్లు దాటిన పెద్దమనిషి, గట్టుమీద తాడు పట్టుకుని కూర్చుని "పాయ్ హలవ్! పాయ్ హలవ్!" అని కేకలు. కాళ్లు ఆడించమని. మా యింటావిడ నీళ్లలో, పిల్లల గడ్డం కింద చేయి పెట్టి.

పెద్దపిల్లకు తొమ్మిది రోజులలో వచ్చింది. పిల్లవానికి మూడువారాలు పట్టింది. వాడు నీళ్లలో వున్నంతసేపూ మాట్లాడుతుంటాడు, నోట్లోకి నీళ్లు పోతవి. యిక మా సంగతి. నడుముకు రెండు డబ్బాలు కట్టుకుని, వూరి పిల్లకాయలు గట్టుమీద వరుసగా కూర్చుని చూస్తుండగా, మెట్లు దిగినాము. నీళ్లు రొమ్ము దాటగానే కాళ్లు నిలబడిపోయినవి. మొదటి నాలుగురోజులు అక్కడి నుంచే వెనక్కి వచ్చినాము. పిల్లకాయలు నవ్వినారు. ముసలాయన నవ్వలేదు. ఆయనకు మా అన్న సంగతి తెలుసు, ఆనాటివాడే గదా. అయిదోరోజు తానే పంచె బిగించి దిగి మా చేయి పట్టుకున్నాడు.

నెలాఖరుకు లెక్క యిది: పెద్దపిల్ల 25 మీటర్లు, ఆపైన కూడా, పిల్లవాడు 25, మేము పన్నెండు. బావి యీ గోడ నుంచి ఆ గోడకు యెనిమిది మీటర్లు గనుక అటూయిటూ తిరిగి లెక్క కట్టినాము. మా యింటావిడ పదిహేను నిమిషాల పరీక్ష చూస్తుండగానే ముగించి, జడ పిండుకుంటూ మెట్లెక్కింది.

వస్తువు తెచ్చే పరీక్ష మిగిలింది. ఆ పొద్దున అమ్మ తానే చెప్పులు వేసుకుని బయలుదేరింది. రెండు కిలోమీటర్లూ నడిచింది. గట్టుమీద కూర్చుని, కొంగులోనుంచి బాసర చెంబు తీసి, "దీన్ని తేవాలె" అన్నది. భుజాలలోతున వున్న మెట్టు మీదికి చెంబు జారవిడిచినాము. పెద్దపిల్ల మునిగింది. అమ్మ బయటికి వినబడేట్టు లెక్కపెట్టసాగింది. ఒకటి, రెండు, మూడు. యేడు దగ్గర ఆమె గొంతు పోయింది. తొమ్మిది దగ్గర చెంబు ముందు, వెనక పిల్ల తల పైకి వచ్చినవి. పిల్లవాడు కూడా తెచ్చినాడు, రెండవసారికి.

తిరిగి వచ్చేటప్పుడు ఆమె యేమీ మాట్లాడలేదు. రైలుగేటు దగ్గర మాత్రం, "ఆ చెరువుకాడ చలి వుంటదా?" అని అడిగింది.

తక్కిన సన్నాహం వేగంగానే సాగింది. దీపావళి సెలవులు ఖాయం చేసినాము. వానలు నిలిచి, చెరువు నిండి, యెండ ముదరని రోజులు అవి. ఒక గుడారం కొని మేడమీద తాలీము వేసినాము. కాంక్రీటులో మేకులు దిగవన్న సంగతి అప్పుడు తెలిసింది. తాళ్లకు యిటుకలు కట్టినాము. అర్ధరాత్రి గాలి లేచి ఒక పక్క యెగిరిపోయింది, మరొక పక్క మా మీద పడింది. తెల్లవారి పక్కింటి మరాఠీ వదిన గోడమీదుగా చూసి, "కాయ్ ఝాలం, ఘర్ సోడలం కా?" అన్నది. యేమైంది, యిల్లు వదిలిపెట్టినారా అని. అక్కడ వాళ్లు వేసిపెట్టిన గుడారమే తీసుకుందామని తీర్మానమైంది. కొన్నది పత్తి తడవకుండా కప్పుకోవడానికి మిత్రుడు అడుగుతున్నాడు.

మా యింటావిడ అడిగిన ప్రశ్న ఒకటి మాత్రం పట్టిక మొత్తాన్ని తిరగరాయించింది. "యింట్ల చేసే వంటే ఆడ చెట్టుకింద చేస్తె అది యెవరికి సెలవు?" న్యాయమైన మాట. పైగా రైలులో గ్యాసు సిలిండరు తీసుకుపోరాదు, అడవి అంచున పొయ్యి రాజేయడం మంచిది కాదు. కాబట్టి జొన్నరొట్టెలు, ధపాటేలు, పల్లీలపొడి, సకినాలు యింటి నుంచి. అన్నం అక్కడి భోజనశాలలో. ఆఫీసు పద్ధతిలో పనుల పట్టిక రాసినాము. గిన్నెలు కడగడం మేము, పిల్లవాడు. నీళ్ల సీసాలు, పక్కబట్టలు పెద్దపిల్ల. యింటావిడ పేరుకు యెదురుగా గీత గీసి "నీళ్ల దగ్గర కాపలా" అని రాసినాము. చెరువులో యీతకు యెవరమూ దిగము, అది ముందే ఒప్పుకున్నాము. వచ్చిన యీత పడవలోనుంచి పడితే తేలడానికి. పడవలో అందరికీ తేలే జాకెట్లు. పన్నెండు మీటర్లవాళ్లము గనుక తెడ్డు మాకు యివ్వరట.

జాబితాలో చివరి వస్తువు యిరవై మీటర్ల నూలుతాడు, కొసకు కట్టడానికి ఒక ఖాళీ డబ్బా. దాన్ని విసరడం పిల్లలిద్దరికీ మేమే నేర్పినాము. తువాలు అందించడం కూడా, ఒడ్డున బోర్లా పడుకుని.

టిక్కెట్లు తెచ్చినరోజు అమ్మ మా చేతిలో కాగితాలు లెక్కపెట్టింది. అయిదు వున్నవి. పడవ యెక్కుతానని గాని యెక్కనని గాని ఆమె యింకా చెప్పలేదు. చీరమీద జాకెట్టు తొడుక్కునేది లేదని మాత్రం చెప్పింది. తొడుక్కోనివాళ్లను పడవ యెక్కించమని కోడలు చెప్పింది. యిది రాసేవేళకు ఆ తగవు తెగలేదు.